బ్యాకప్ తీశారు సరే... రిస్టోర్ చేసి చూశారా?

సర్వర్ పడిపోయినప్పుడు డేటాను తిరిగి నిలబెట్టే పనికి కంపెనీల్లో ఎప్పుడూ మనిషి కావాలి. ఆ పని నేర్చుకోవడానికి మీ దగ్గరున్న ల్యాప్‌టాప్ చాలు.

2019 మే మొదట్లో ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లు కడదామని కూర్చున్నవాళ్లకు వెబ్‌సైటే తెరుచుకోలేదు. కారణం రాన్సమ్‌వేర్ దాడి. హనుమకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థతో పాటు దక్షిణ తెలంగాణ డిస్కం, ఆంధ్రప్రదేశ్ డిస్కంల వెబ్‌సైట్లు కూడా ఆ దెబ్బకు ఆగిపోయాయి. సర్వర్‌లోని ఫైళ్లకు తాళం వేసేసి, చెవి కావాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమనడం ఈ రకం దాడి పద్ధతి. ఇళ్లకు కరెంటు సరఫరా మాత్రం ఆగలేదు. డేటాకు బ్యాకప్ ఉందని అధికారులు అప్పట్లోనే చెప్పారు.

‘బ్యాకప్ ఉంది’ అన్న మాట వినగానే బయటివాళ్లు హమ్మయ్య అనుకుంటారు. సర్వర్ రూములో ఉన్నవాళ్లకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ బ్యాకప్ ఏ రోజుది? అది సరిగ్గా తెరుచుకుంటుందా? అందులోకి కూడా వైరస్ చేరిందా? మొత్తం డేటా వెనక్కి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్లే సంస్థను గట్టెక్కిస్తారు.

మన డీబీఎంఎస్ పుస్తకంలో రికవరీ మీద ఒక చాప్టర్ ఉంటుంది. పరీక్షకు చదువుతాం, రాస్తాం, మర్చిపోతాం. ల్యాబ్‌లో మాత్రం సర్వర్‌ను పడగొట్టి మళ్లీ లేపి చూపించమని అడిగేవాళ్లు తక్కువ. ఫ్రెషర్‌గా మీరు మిగతావాళ్లకంటే ఒక అడుగు ముందుండగలిగే చోటు ఇదే.

అయిదు దారులు... ఒక్కటీ తెరుచుకోలేదు

బ్యాకప్ తీయడం వేరు, రిస్టోర్ కావడం వేరు. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ గిట్‌ల్యాబ్. 2017 జనవరి 31 రాత్రి ఆ సంస్థ ఇంజినీర్ ఒకరు డేటాబేస్ సమస్యను సరిచేస్తున్నారు. రెండో సర్వర్‌లో తుడిచేయాల్సిన ఫోల్డర్‌ను పొరపాటున ప్రధాన సర్వర్‌లో తుడిచేశారు. గుర్తించి ఆపేసరికి సుమారు 300 జీబీ డేటా పోయింది.

బ్యాకప్ కోసం వాళ్లు పెట్టుకున్న ఏర్పాట్లు ఒకటీ రెండూ కాదు, అయిదు. రోజూ క్లౌడ్‌లోకి వెళ్లాల్సిన డంప్ కోసం వెతికితే ఆ స్టోరేజీ ఖాళీగా ఉంది. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే, డంప్ తీసే టూల్ 9.2 వెర్షన్‌ది. అందుకే ఆ పని ఫెయిలవుతూ వస్తోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లను అవతలి మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో అవీ ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒక ఇంజినీర్ చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్. దాన్ని కాపీ చేసి సైట్‌ను నిలబెట్టేసరికి సుమారు 18 గంటలు పట్టింది. మధ్యలోని ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 యూజర్ ఖాతాలపై దెబ్బ పడింది.

గిట్‌ల్యాబ్ ఈ రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించింది. ఏం జరిగిందో తర్వాత వివరంగా రాసి ప్రచురించింది. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఆ నివేదిక తప్పకుండా చదవాలి. దాని సారం ఒక్కటే: రిస్టోర్ చేసి చూడని బ్యాకప్, బ్యాకప్ కింద లెక్క కాదు.

ముందు ఈ మాటలు పట్టుకోండి

ఫుల్ బ్యాకప్ అంటే మొత్తం డేటా కాపీ. ఇంక్రిమెంటల్ అంటే చివరి బ్యాకప్ తర్వాత మారింది మాత్రమే. డిఫరెన్షియల్ అంటే చివరి ఫుల్ బ్యాకప్ తర్వాత మారిందంతా. ఇవి నిర్వచనాలు. ఇంటర్వ్యూలో అడిగేది మాత్రం లెక్క.

ఆదివారం రాత్రి ఫుల్ బ్యాకప్, మిగతా రోజుల్లో రాత్రిపూట ఇంక్రిమెంటల్ తీస్తున్నారు అనుకుందాం. గురువారం మధ్యాహ్నం సర్వర్ పోయింది. రిస్టోర్‌కు ఏమేం కావాలి? ఆదివారం ఫుల్, ఆపైన సోమ, మంగళ, బుధవారాలవి. మొత్తం నాలుగు, అదీ వరస తప్పకుండా. అదే డిఫరెన్షియల్ అయితే ఆదివారం ఫుల్, బుధవారంది. రెండు చాలు. ఇంక్రిమెంటల్‌లో చోటు, సమయం ఆదా అవుతాయి. రిస్టోర్ దగ్గరికి వచ్చేసరికి పని పెరుగుతుంది.

మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు గుర్తున్నాయిగా? పై చెరువు కట్ట తెగితే ఆ ముప్పు కింది చెరువులకూ పాకుతుంది. ఇంక్రిమెంటల్ కూడా అంతే. మంగళవారం కాపీ పాడైతే బుధవారం కాపీ బాగున్నా దాన్ని నమ్మలేం. సోమవారం దగ్గరే ఆగిపోవాలి.

ఇంకో జంట మాట ఆర్‌పీవో, ఆర్‌టీవో. మొదటిది ‘ఎంత డేటా పోయినా తట్టుకోగలం?’ అన్న ప్రశ్న. రాత్రికి ఒకసారే బ్యాకప్ తీస్తే, పొద్దున నుంచి సాయంత్రం దాకా చేరిన డేటా పోవచ్చని ఒప్పుకున్నట్టే. రెండోది ‘ఎంతసేపట్లో సర్వీసు మళ్లీ నడవాలి?’ అన్నది. ఈ ఆర్‌టీవోకీ డ్రైవింగ్ లైసెన్సుకీ సంబంధం లేదు!

రెండో ప్రశ్నకు జవాబు గాల్లోంచి చెప్పకూడదు. 2 టీబీ డేటాను సెకనుకు ఒక గిగాబిట్ వేగమున్న నెట్‌వర్క్ మీద తేవాలి అనుకోండి. కాగితం మీద సెకనుకు 125 ఎంబీ రావాలి. వాస్తవంలో 100 ఎంబీ వస్తుందనుకుంటే 20,000 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు. ఇది ఒట్టి కాపీకే. తర్వాత చెకింగ్ ఉంటుంది. ‘గంటలో అయిపోతుంది సార్’ అని మేనేజర్‌కు మాటిచ్చే ముందు ఈ లెక్క వేసుకునేవాడే పనిమంతుడు.

బ్యాకప్‌లా కనిపించేవి, కానివి

రెయిడ్ పెట్టాం కాబట్టి భయం లేదు అంటారు కొందరు. ఒక డిస్కు పోతే రెయిడ్ కాపాడుతుంది. మీరే ఫైలు డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది. క్లౌడ్ డ్రైవ్‌లో సింక్ చేయడం కూడా దాదాపు ఇంతే. ఇక్కడ పాడైన ఫైలు కాసేపట్లో అక్కడా పాడైపోతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు దాచిపెట్టే సదుపాయం ఉన్నా దానికి గడువు ఉంటుంది. సర్వర్ ఉన్న డిస్కులోనే తీసిన స్నాప్‌షాట్ పనికొస్తుంది గానీ, ఆ డిస్కు కాలిపోతే అదీ పోతుంది.

అందుకే 3-2-1 సూత్రం. డేటా మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, వాటిలో ఒకటి వేరే చోట. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. రాన్సమ్‌వేర్ వచ్చాక దీనికి ఇంకో 1, ఒక 0 కలిపారు. ఒక కాపీ నెట్‌వర్క్‌కు అందకుండా గానీ, ఎవరూ మార్చలేని విధంగా గానీ ఉండాలి. పరీక్షించి చూస్తే తప్పులు సున్నా ఉండాలి.

‘వేరే చోట’ అన్న మాటను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియా చూసింది. డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలోని 858 టీబీ డేటాకు బయట బ్యాకప్ లేదు. సాంకేతికతలో అంత ముందున్న దేశానికే ఆ పరిస్థితి వచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగింది. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ డేటాకు తాళం పడిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా కొన్ని రోజులు చేతిరాతతోనే నడిపించారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండటంతో ఈ-హాస్పిటల్ డేటాను దాని నుంచి తీసి కొత్త సర్వర్లలోకి ఎక్కించారు. డేటా దక్కింది. అయినా సేవలు చాలావరకు గాడిన పడటానికి దాదాపు రెండు వారాలు పట్టింది. బ్యాకప్ ఉన్నా రిస్టోర్‌కు ఎంత సమయం పడుతుందనేదే రోగులకు, సిబ్బందికి అసలు సమస్య.

రిస్టోర్ ఎలా చేస్తారు?

సాఫ్ట్‌వేర్ ఏదైనా అడుగులు దాదాపు ఇవే.

1. ముందు ఆగండి. కంగారులో పాత డిస్కు మీద ఏమీ రాయకూడదు. దాడి అయితే ఆ మెషీన్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనను గుర్తించిన 6 గంటల్లోపు తెలపాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. కాబట్టి ఆధారాలు చెరిపేయడం మంచిది కాదు.

2. ఏ తేదీకి వెళ్లాలో తేల్చండి. అన్నిటికంటే కొత్త బ్యాకప్పే మంచిదని కాదు. వైరస్ వారం కిందటే లోపలికి వచ్చి ఉంటే నిన్నటి కాపీలోనూ అది ఉంటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోని క్యాటలాగ్ ఏ తేదీ కాపీలో ఏ ఫైళ్లు ఉన్నాయో చూపిస్తుంది.

3. వేరే చోటకు రిస్టోర్ చేయండి. నేరుగా అసలు ఫోల్డర్ మీదకు తెస్తే, అక్కడ మిగిలిన కాస్త మంచి డేటా కూడా పోవచ్చు. కొత్త సర్వర్‌లోకో, పక్క ఫోల్డర్‌లోకో తెచ్చి చూసుకుని, తర్వాత మార్చాలి.

4. వరస పాటించండి. ముందు లాగిన్లు, పేర్ల వ్యవస్థ చూసే సర్వర్లు, తర్వాత డేటాబేస్, ఆ తర్వాత అప్లికేషన్, చివర వెబ్‌సైట్. డేటాబేస్ లేకుండా అప్లికేషన్ లేపితే ఎర్రర్లు తప్ప ఏమీ రావు.

5. లాగ్‌లతో ముందుకు నడపండి. మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫైళ్లు ఉంటాయి. రాత్రి బ్యాకప్‌ను రిస్టోర్ చేసి, దాని మీద ఈ లాగ్‌లు నడిపిస్తే తప్పు జరగడానికి ఒక్క నిమిషం ముందు దాకా డేటాను తేవచ్చు. అయితే ఆ లాగ్‌లు కూడా వేరే చోట భద్రంగా ఉండాలి.

6. సరిచూడండి. టేబుల్‌లో వరసల సంఖ్య, ఫైళ్ల చెక్‌సమ్, చివరి ఎంట్రీ తేదీ చూడాలి. ఆపైన ఆ డేటాను రోజూ వాడే విభాగం వాళ్లతో తెరిపించాలి. ‘జాబ్ సక్సెస్’ అన్న పచ్చ గుర్తు చూసి సంబరపడొద్దు. అకౌంట్స్ వాళ్లు ‘మా లెక్క సరిపోయింది’ అనాలి.

7. రాసిపెట్టండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎక్కడ ఆగింది అనేది ఒక పేజీలో ఉండాలి. రేపు ఇంకొకరు అదే పని చేయాల్సి వస్తే ఆ పేజీయే దారి.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

పెద్ద సంస్థల్లో వీమ్, కమ్‌వాల్ట్, నెట్‌బ్యాకప్, రూబ్రిక్ లాంటివి ఎక్కువగా వాడతారు. వీమ్‌లో ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, పది మెషీన్ల దాకా వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్‌లో బాక్యులా, బారియోస్, బోర్గ్, రెస్టిక్ ఉన్నాయి.

పెద్ద వ్యవస్థ ఎలా ఉంటుందో అర్థం కావాలంటే బాక్యులా మంచిది. అందులో పనులు పురమాయించేది డైరెక్టర్. సర్వర్‌లో ఉండి ఫైళ్లు అందించేది ఫైల్ డీమన్. వాటిని తీసుకుని డిస్కు లేదా టేపు మీద రాసేది స్టోరేజ్ డీమన్. ఏది ఎక్కడ ఉందో చెప్పే ఖాతా పుస్తకం క్యాటలాగ్. పేర్లు మారినా పెద్ద సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇదే తీరులో పనిచేస్తాయి. ఒకటి బాగా వస్తే రెండోది నేర్చుకోవడం కష్టం కాదు.

త్వరగా మొదలుపెట్టాలంటే రెస్టిక్. ఇనిట్, బ్యాకప్, స్నాప్‌షాట్స్, రిస్టోర్, చెక్ అనే అయిదు ఆదేశాలు వస్తే చాలావరకు పని జరుగుతుంది. ఇది డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. పాస్‌వర్డ్ పోతే ఎవరూ తెరవలేరు. కాబట్టి ఆ పాస్‌వర్డ్‌ను అదే సర్వర్‌లో దాచి ఊరుకోవడం, బీరువా తాళం బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు.

ల్యాప్‌టాప్‌లోనే ల్యాబ్

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్ ఉంటే ఈ వారాంతంలోనే మొదలుపెట్టొచ్చు.

వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ వేయండి. మైఎస్‌క్యూఎల్ పెట్టి, విద్యార్థుల పేర్లు, మార్కులతో వెయ్యి వరసల ఉత్తుత్తి టేబుల్ తయారు చేయండి. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ను అలాగే కాపీ చేయకండి. సగం రాసిన స్థితిలో కాపీ అయి తర్వాత తెరుచుకోకపోవచ్చు. ముందు డంప్ తీయండి, ఆ డంప్‌ను రెస్టిక్‌తో పెన్‌డ్రైవ్‌లోకి పంపండి. మర్నాడు ఇంకో వంద వరసలు చేర్చి మళ్లీ బ్యాకప్ తీయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆ వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా డిలీట్ చేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. కొత్త మెషీన్ వేసి, పెన్‌డ్రైవ్ నుంచి డేటా తెచ్చి, టేబుల్‌లో 1,100 వరసలు వచ్చాయో లేదో లెక్కపెట్టండి. తర్వాత మొదటి రోజు స్నాప్‌షాట్ తెరిచి అందులో వెయ్యే ఉన్నాయా చూడండి. రెండూ సరిపోతే స్టాప్‌వాచ్ ఆపండి. రిస్టోర్‌కు మీకు నిజంగా పట్టిన సమయం అదే.

మొదటిసారి ఎక్కడో ఒకచోట ఆగుతారు. యూజర్ అనుమతులు రాకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ వెర్షన్ తేడా రావచ్చు. డేటా వచ్చి, కాన్ఫిగరేషన్ ఫైలు బ్యాకప్‌లో లేదని తేలవచ్చు. ఆగిన ప్రతిచోటా రాసుకోండి. రెండోసారి చేస్తే సమయం తగ్గుతుంది. ఆ రెండు సమయాలు, మధ్యలో మీరు మార్చినవి కలిపి రాసిన పేజీయే మీ ప్రాజెక్ట్ రిపోర్ట్.

ఉద్యోగం ఎలా ఉంటుంది?

బ్యాకప్ అడ్మినిస్ట్రేటర్, స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ సపోర్ట్ ఇంజినీర్, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ లాంటి పేర్లతో ఈ పని ఉంటుంది. ఫ్రెషర్లు ఎక్కువగా ఎల్1 సపోర్ట్‌లో చేరతారు. పొద్దున్నే రాత్రి జాబ్‌ల రిపోర్ట్ చూడటం, ఫెయిలైనవి ఎందుకు ఫెయిలయ్యాయో కనుక్కుని మళ్లీ నడపడం, ‘నా ఫైలు పోయింది’ అని వచ్చిన టికెట్లకు రిస్టోర్ చేసివ్వడం రోజువారీ పని. షిఫ్టులుంటాయి, నైట్ డ్యూటీలు తప్పవు. కోడింగ్ ఉద్యోగాలకున్నంత పేరు దీనికి లేదు. అన్నీ సవ్యంగా నడిచిన రోజు మీరున్నట్టే ఎవరికీ తెలియదు. నడవని రోజు అందరూ మీ కుర్చీ చుట్టూ నిలబడతారు.

అవకాశాలకు హైదరాబాద్ పెద్ద కేంద్రం. వరంగల్‌లోనూ 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరిచాయి. ఇది ఐటీ కంపెనీలకే పరిమితమైన పని కూడా కాదు. ఆసుపత్రి, బ్యాంకు, యూనివర్సిటీ, డిస్కం... ఎక్కడ సర్వర్ ఉంటే అక్కడ ఈ పని ఉంటుంది.

లైనక్స్ కమాండ్లు, నెట్‌వర్కింగ్ బేసిక్స్, కొంచెం ఎస్‌క్యూఎల్, చిన్న చిన్న షెల్ లేదా పైథాన్ స్క్రిప్టులు వచ్చి ఉండాలి. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, వీమ్ వారి వీఎంసీఈ లాంటి సర్టిఫికెట్లు ఉపయోగపడతాయి. అయితే అప్పు చేసి మరీ కోర్సు కట్టాల్సిన అవసరం లేదు. ముందు ఇంట్లో ల్యాబ్ పూర్తిచేయండి. ఆసక్తి నిలబడితే అప్పుడు ఆలోచించండి.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

రెజ్యూమెలో ‘బ్యాకప్ అండ్ రికవరీ పరిజ్ఞానం’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘వెయ్యి వరసల డేటాబేస్‌ను డిలీట్ చేసి కొత్త మెషీన్‌లో రిస్టోర్ చేశాను. మొదటిసారి ఇంత సమయం, రెండోసారి ఇంత. తేడాకు కారణం ఇది’ అని రాయండి. అడిగేవాళ్లకు అక్కడే పట్టు దొరుకుతుంది, మీకు చెప్పడానికి సరుకు ఉంటుంది.

‘సర్వర్ పోయింది, ఏం చేస్తావ్?’ అని అడిగితే వెంటనే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పకండి. ‘ఏం పోయింది, ఎప్పటి నుంచి, చివరిసారి రిస్టోర్ పరీక్ష ఎప్పుడు చేశారు?’ అని ముందు మీరే అడగండి. ఈ పని తెలిసినవాళ్లు మొదట అడిగే ప్రశ్నలు ఇవే.

మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుతారు. అప్పటిదాకా ఆగక్కర్లేదు. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌కు ఇప్పుడు ఎన్ని కాపీలు ఉన్నాయో చూడండి. ఉంటే, వాటిలో ఒకటి వేరే కంప్యూటర్‌లో తెరిచి రన్ చేయండి. రన్ కాకపోతే, వైవా రోజు కాకుండా ఈరోజే తెలిసినందుకు సంతోషించండి.